‘కాచి యతుకవచ్చు’ అన్నచోట ‘కాచి’ అంటే కరిగించడమా? (రైలు పట్టాల థర్మిట్ అతుకు సందర్భంలో)

తాపగణన: రైలు పట్టాల థర్మిట్ వెల్డింగును (అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడుల చర్యలో పుట్టే ఉక్కు ద్రవంతో పట్టాలను అతికే పద్ధతిని) కంప్యూటరులో అనుకరించే పద్ధతి గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. పట్టాల కొసలను బర్నరు మంటతో ముందుగా వేడిచేసే దశకు ‘కాపు’ అనీ, ఆ తరువాత వాటి నడుమ ఉక్కు ద్రవాన్ని నింపే దశకు ‘పోత’ అనీ పేర్లు పెట్టుకున్నాను. అప్పటి నుంచి వేమన పద్యం ఒకటి నన్ను వదలడం లేదు. ‘ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు కాచి యతుక’ అన్న తరువాత ‘వచ్చు క్రమముగాను’ అని ఉన్నదా, ‘నేర్చు కమ్మరీడు’ అని ఉన్నదా? అంతకన్నా ముఖ్యంగా, ఇక్కడి ‘కాచి’లో కరగడం కూడా ఇమిడి ఉన్నదా? ఉన్నట్లయితే నా మొదటి దశకు ఆ పేరు తగదు. ఆ దశలో పట్టా కొస సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దాకా కాగి ఎర్రబడుతుందే గాని కరగదు.

పద్యప్రియ: రెండు పాఠాలూ ప్రచారంలో ఉన్నవే. ఆటవెలది రెండవ పాదానికి ఐదు సూర్యగణాలు కావాలి. ‘వచ్చు క్రమముగాను’ అన్నా ‘నేర్చు కమ్మరీడు’ అన్నా గణాలు కుదురుతాయి, ‘కాచి’లోని కకారానికి యతి కూడా చెల్లుతుంది. కనుక ఛందస్సు ఈ తగవు తీర్చదు. నిజానికి పట్టించుకోవలసింది మొదటి పాదంలోని ఒక్క అక్షరం. అది ‘ఇరుమారు’ కాదు, ‘ఇనుమారు’ అని నా గట్టి నమ్మకం. ఇనుమడించడంలో ఉన్న ‘ఇను’యే ఇది, ‘ఇనుము’ అన్న వెంటనే ‘ఇనుమారు’ అని పలికితే కలిగే నాదాన్ని వేమన వంటి కవి చేజార్చుకోడు.

కొలిమి: ‘కమ్మరీడు’ అన్న పాఠమే నాకు సమంజసంగా తోస్తుంది. పని చేసే మనిషి పద్యంలో కనబడతాడు. ‘క్రమముగాను’ అన్నది పాదం నింపడానికి వచ్చిన మాటలా ఉంది. ఇక ‘కాచి’ విషయానికి వస్తే, కమ్మరి రెండు ఇనుప ముక్కలను కొలిమిలో తెల్లగా కాగేదాకా ఉంచి, దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టి కలుపుతాడు. ఇనుము పూర్తిగా ద్రవమైతే సుత్తికి అక్కడ పనే ఉండదు. కాబట్టి ఇక్కడ ‘కాచి’ అంటే కరగనీయకుండా వేడి చేసి అనే చెప్పుకోవాలి.

నిఘంటుప్రియ: కొలిమి గారూ, మరి వెన్న కాచి నెయ్యి తీస్తామని అంటున్నాం కదా? వెన్న కరగకుండా నెయ్యి రాదు. ‘కాచు’ క్రియ వేడిని ఇవ్వడం వరకే చెబుతుంది. వస్తువు కరుగుతుందా, మరుగుతుందా, కేవలం ఎర్రబడుతుందా అన్నది ఆ వస్తువు స్వభావాన్ని బట్టి తేలుతుంది.

పట్టాలబాట: రైలు మార్గాల నిర్వహణలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ‘ఇరుమారు ముమ్మారు’ అన్న మాట దగ్గర ఈ పద్యం మా పట్టాకు వర్తించదని చెప్పాలి. థర్మిట్ అతుకులో లోపం బయటపడితే దాన్ని మళ్ళీ కాచి సరిచేయము. ఆ ముక్కను కోసి తీసివేసి, కొత్త పట్టా ముక్క పెట్టి రెండు వైపులా అతుకుతాము, లేదా మామూలు 25 మిల్లీమీటర్ల సందుకు బదులు 75 మిల్లీమీటర్ల వెడల్పు సందు ఉంచి ఒకే అతుకు పోస్తాము. కమ్మరికి దొరికిన రెండో అవకాశం మాకు లేదు. హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో పేటెంటు పొందిన ఈ పద్ధతిని 1899లో ఎసెన్ నగరపు ట్రాము పట్టాలకు వాడారు. అల్యూమినియం పొడి ఇనుప ఆక్సైడు నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటే ఉక్కు ద్రవం అడుగున చేరుతుంది, తేలికైన అల్యూమినా చిట్టెం పైకి తేలుతుంది. ఆ ఉక్కు ఒక్కసారే అచ్చులోకి దిగుతుంది.

తాపగణన: పట్టాలబాట గారూ, మీరు చెప్పిన ఆ ఒక్క అవకాశం కారణంగానే అనుకరణ అవసరమయింది. పట్టా మీద చేయలేని ‘ఇరుమారు ముమ్మారు’ను మేము లెక్కలో చేస్తాము. కాపు ఎంతసేపు ఉండాలో మార్చి, సందు వెడల్పు మార్చి, ప్రతిసారీ పరిమిత మూలకాల పద్ధతిలో, అంటే పట్టాను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి లెక్కించే పద్ధతిలో, ఉష్ణోగ్రతలు మళ్ళీ గణిస్తాము. మొదటి దశ చివర పట్టాలో వేడి ఎక్కడెక్కడ ఎంత ఉన్నదో ఆ చిత్రమే రెండవ దశకు ఆరంభ స్థితి అవుతుంది. పోత పోసిన తరువాత పట్టా కొసలు కొంత మేర కరిగి ద్రవంలో కలిస్తేనే అది అతుకు. ఫుట్ అని పిలిచే అడుగుభాగపు అంచులలో అలా కరగకపోతే పైకి ఏమీ తెలియకుండానే లోపల అతుకు తప్పుతుంది. ఈ కరిగే గీత ఎక్కడ పడుతుందో సరిగ్గా తెలియాలంటే గుప్తోష్ణాన్ని, అంటే ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే ఖర్చయ్యే వేడిని, లెక్కలో కలపాలి. ఉక్కుకు మోడళ్లలో తరచు వాడే విలువ కిలోకు సుమారు 270 కిలోజౌళ్లు. దాన్ని వదిలేస్తే అతుకు నిజం కన్నా తొందరగా గట్టిపడినట్లు కనబడుతుంది. అందుచేత కాగడమూ కరగడమూ నాకు రెండు వేర్వేరు గణితాలు, వాటికి రెండు వేర్వేరు మాటలు కావాలి.

పద్యప్రియ: అలాగయితే ‘క్రమముగాను’ అన్న పాఠానికి మీరే బలం చేకూర్చారు. ముందు కాపు, తరువాత పోత, ఆ పైన చల్లార్పు: ఆ వరుసే క్రమం కదా?

పట్టాలబాట: క్రమంతో పాటు మోతాదు కూడా ఉంది. కాపు ఎక్కువసేపు సాగితే అతుకుకు ఇరుపక్కలా వేడి సోకిన మేర వెడల్పవుతుంది; ఆ మేర అంచుల్లో ఉక్కు మెత్తబడి, చక్రాల కింద అక్కడే ముందుగా అరిగి పల్లం పడుతుంది. ‘క్రమముగాను’లో ఆ మితం కూడా వినబడుతుందని నాకనిపిస్తుంది.

కొలిమి: ఆ మితం తెలిసినవాడే కమ్మరీడు. ‘నేర్చు’ అన్న క్రియలో ఆ నేర్పు మొత్తం ఉంది. ‘వచ్చు’లో కేవలం వీలు మాత్రమే ఉంది. వేమన రసవాదం కోసం మూసలూ కొలుములూ పట్టుకు తిరిగాడన్న ఐతిహ్యాన్ని నమ్మేవారికి, పనివాడి పేరు లేని పాఠం ఆయన నోటి మాటలా ఎలా వినబడుతుంది?

పద్యప్రియ: ఐతిహ్యం ఆధారంగా పాఠ నిర్ణయం చేయరాదు. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల సంపుటం దగ్గరున్నవారు ఎవరైనా ‘ఇనుమారు’ సంగతి చూసి చెప్పగలరా?

నిఘంటుప్రియ: దానితో పాటు మరొకటి. ఇనుముకు ‘కాల్చు’ అన్న క్రియ కూడా ఉంది కదా. కాల్చిన కర్రుతో వాత పెడతారు. తాపగణన గారి మొదటి దశకు ‘కాపు’ కన్నా ‘కాల్పు’ దగ్గరేమో ఆలోచించాలి.

తాపగణన: ‘కాల్పు’ అంటే తుపాకి గుర్తుకు వస్తుంది, వ్యాసం చదివేవారు వెంటనే పక్కదారి పడతారు. బ్రౌన్ సంపుటం దొరికినవారు మొదటి పాదంతో పాటు రెండవ పాదం పాఠం కూడా ఇక్కడ ఉంచితే మేలు చేసినవారవుతారు.