అయస్కాంతం తెస్తే వైబీసీఓ బిళ్లలో వోల్టేజ్ ఎందుకొస్తోంది?

ప్రశ్న (ఎమ్మెస్సీ ఫిజిక్స్, గుంటూరు):
ప్రాజెక్టుకి వైబీసీఓ (యిట్రియం, బేరియం, కాపర్, ఆక్సిజన్‌ల సూపర్‌కండక్టర్, అంటే బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ పోయే పదార్థం) బిళ్ల మీద నాలుగు తీగలు అతికించి కొలుస్తున్నాం. లిక్విడ్ నైట్రోజన్‌లో, 77 కెల్విన్ దగ్గర వోల్టేజ్ సున్నా. నియోడిమియం అయస్కాంతం దగ్గరికి తేగానే కొన్ని మైక్రోవోల్టులు చూపిస్తోంది. సూపర్‌కండక్టివిటీ పోయినట్టేనా? మాస్టారేమో బిళ్లలో లోపాలు ఇంకా ఉండాలంటున్నారు. రాగి తీగలో లోపాలు పెరిగితే రెసిస్టెన్స్ పెరుగుతుంది కదండీ?

బెజవాడ ఫిజిక్స్:
పోలేదండి. ఇది టైప్-2 రకం, అంటే అయస్కాంత ఫీల్డ్‌ని కొంత లోపలికి రానిచ్చి కూడా సూపర్‌కండక్టర్‌గానే ఉండేది. ఫీల్డ్ కాస్త పెరగ్గానే ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) సన్నని గొట్టాల్లా లోపలికి దూరుతుంది, ఒక్కో గొట్టంలో 2.07×10⁻¹⁵ వెబర్ ఫ్లక్స్. వీటినే వర్టెక్సులంటాం. అవి క్రమంగా అల్లికలా సర్దుకుంటాయని భౌతిక శాస్త్రవేత్త అబ్రికొసోవ్ 1957లో చూపించాడు. త్రిభుజాల అల్లికైతే 1 టెస్లా దగ్గర పక్కపక్క వర్టెక్సుల ఎడం సుమారు 49 నానోమీటర్లు. కరెంటు పంపితే ప్రతి వర్టెక్స్ మీదా అడ్డంగా తోపుడు పడుతుంది. ఒక వర్టెక్స్ బిళ్లను అడ్డంగా దాటిందంటే రెండు చివరల మధ్య ఫేజ్ (సూపర్‌కండక్టింగ్ ఎలక్ట్రాన్ల తరంగ దశ) 2π జారినట్టే. ఆ జారుడు వేగమే మీటర్‌లో వోల్టేజ్‌గా కనిపిస్తోంది. వర్టెక్సులున్నా పర్వాలేదు, కదలకపోతే చాలు.

మెటలర్జీ, గుంటూరు:
రాగిలో రెసిస్టెన్స్ సంగతి వదిలేసి వంగడం చూడండి. ఎర్రగా కాల్చి చల్లార్చిన తీగ ఇట్టే వంగుతుంది. నాలుగైదుసార్లు వంచితే మొరాయిస్తుంది, ఎందుకంటే డిస్లొకేషన్లు (స్ఫటికంలో పరమాణువుల వరస తప్పిన గీతలు) పెరిగి ఒకదానికొకటి అడ్డం పడతాయి. మెత్తదనం వాటి జారుడు వల్లే. మీ మాస్టారు చెప్పేదీ అదే: వై-211 (సూపర్‌కండక్టర్ కాని యిట్రియం సమ్మేళనం) రేణువులు లోపాల్లా ఉండి వర్టెక్సుల్ని పట్టి ఆపుతాయి. తమాషా ఏంటంటే, అవి ఎక్కడపడితే అక్కడ ఉండటంతో వర్టెక్స్ అల్లిక దూరం దాకా క్రమంగా నిలవదు (లార్కిన్ అనే శాస్త్రవేత్త 1970లో చూపించాడు). అల్లిక చెడుతుంది, సున్నా వోల్టేజ్ మాత్రం దక్కుతుంది.

బెజవాడ ఫిజిక్స్:
కొలతలో రెండు సంగతులు. గది వేడి మీదున్న అయస్కాంతం దించితే నైట్రోజన్ ఉడికి తీగల్లో వేడి తేడాల వల్ల థర్మో వోల్టేజ్ పుడుతుంది. ఉడుకు తగ్గాక చదవండి, కరెంటు దిశ తిప్పి మళ్లీ చదివి, తేడాలో సగం తీసుకోండి. అయస్కాంతం తీసేశాక కూడా కొంత ఫ్లక్స్ లోపలే ఇరుక్కుంటుంది. మళ్లీ సున్నా ఫీల్డ్ నుంచి మొదలెట్టాలంటే 92 కెల్విన్ (దీని సూపర్‌కండక్టివిటీ పోయే ఉష్ణోగ్రత) దాటేదాకా వేడెక్కనిచ్చి, అయస్కాంతం దూరంగా ఉంచి చల్లార్చండి. మామూలు సింటర్డ్ (పొడిని నొక్కి కాల్చిన) బిళ్లైతే ముందు అనుమానించాల్సింది వైబీసీఓ రేణువుల మధ్య అతుకుల్ని. కొద్ది మిల్లీటెస్లాలకే అక్కడ రెసిస్టెన్స్ లేకుండా పోగల కరెంటు పడిపోతుంది, వై-211 అక్కడ పెద్దగా పనిచేయదు. మన కృష్ణా తీరం తేమకి వైబీసీఓ పాడవుతుంది కూడా, బయటికి తీసిన బిళ్లని ఆరబెట్టి సిలికా జెల్ డబ్బాలో పెట్టండి.