పాత స్నోమొబైల్‌కు స్లైడ్లు మార్చడం: కుడివైపుదే ఎందుకు అరిగింది?

కీవినా విద్యార్థి:

అందరికీ నమస్కారం. మిషిగన్ ఉత్తర ద్వీపకల్పంలోని హోటన్‌లో చదువుకుంటున్నాను. కిందటి శీతకాలం ఒక పాత స్నోమొబైల్ కొన్నాను. 1995 నాటిది, గాలితో చల్లబడే 440 సీసీ ఇంజిన్, 121 అంగుళాల ట్రాక్ (బండిని నడిపే రబ్బరు పట్టా). పోయిన ఆదివారం గడ్డకట్టిన పోర్టేజ్ సరస్సు మీదుగా చాసెల్ దాకా వెళ్లాను. గాలికి పైమంచు కొట్టుకుపోయి దారంతా నున్నటి గడ్డే. దిగేసరికి ప్లాస్టిక్ కాలిన వాసన. ఇంటికి వచ్చి చూస్తే కుడి స్లైడ్, అంటే ట్రాక్ లోపలి రెయిల్ అడుగున తొడిగే ప్లాస్టిక్ పట్టీ, అరుగుదల గీతను దాటిపోయింది. ఎడమది ఇంకా బాగానే ఉంది. కొత్త జత తెచ్చాను కానీ, ముందు బోల్టు తీసినా పాతది అంగుళం కూడా కదలడం లేదు. సస్పెన్షన్ మొత్తం దించాలా? కుడివైపే ఎందుకు ఇలా అయింది?

డులూత్ నివాసి:

తమ్ముడూ, ముందు మీ రెండో ప్రశ్న. అది తేలకుండా కొత్త జత వేస్తే అదీ పోతుంది. పన్నెండేళ్ల క్రితం నేను సరిగ్గా ఆ పనే చేశాను. కొత్తవి వేసిన మర్నాడు 60 కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి ఒక స్లైడ్ కరిగి రెయిల్ బయటపడింది. ఆ పక్క బోగీ చక్రం (ట్రాక్ లోపల తిరుగుతూ బరువు మోసే చిన్న చక్రం) ఒకటి బేరింగ్ పట్టేసి తిరగడం మానేసిందని అప్పుడు గానీ చూడలేదు. చక్రం మోయవలసిన బరువు ప్లాస్టిక్ మీద పడింది.

బండి వెనకభాగాన్ని గట్టి స్టాండు మీదికి ఎత్తి, ఇంజిన్ ఆపి, ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పండి, పక్కలకు ఊపండి. గరగరలాడినా, రబ్బరు ఊడిపోయినా మార్చండి. తర్వాత ట్రాక్ మధ్యలో నడుస్తోందా చూడండి. ఒక పక్కకు జరిగి ఉంటే, అది ఎటు జరిగిందో ఆ వైపు వెనక సర్దుబాటు బోల్టును పావు చుట్టు చొప్పున బిగించాలి. ఇంజిన్ నడిపి చూసేటప్పుడు బండి వెనక ఎవరూ నిలబడకూడదు. ట్రాక్ నుంచి ఊడిన క్లిప్పో (స్లైడ్ ఆనుకుని జారే లోహపు ముక్క) మేకో తూటాలా వస్తుంది.

ఇక తీయడం. సస్పెన్షన్ దించనవసరం లేదు. వెనక ఇరుసు వదులు చేసి ట్రాక్‌ను సడలించండి. ట్రాక్‌లో క్లిప్పు లేని కిటికీలు ఉంటాయి, వాటిని స్లైడ్ బయటికి వచ్చే చోటికి తిప్పి పెట్టండి. కరిగిన ప్లాస్టిక్ రెయిల్‌కు అతుక్కుపోవడం వల్లే మీది కదలడం లేదు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో పొడవునా వేడి చేసి, ముందు కొనకు చెక్క దిమ్మ ఆనించి సుత్తితో వెనక్కి కొట్టండి. తొందరపడి ఇనుపముక్కతో కొడితే అల్యూమినియం రెయిల్ అంచు వంగుతుంది. ఆ తర్వాత కొత్తది జన్మలో ఎక్కదు.

రెయిల్ అంచుల గరుకును ఆకురాయితో తీసేయండి. క్లిప్పుల మీద పేరుకున్న నల్లటి ప్లాస్టిక్‌ను కూడా గీకేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, నాకు చాలా బాధగా ఉంటుంది, ఆ గరుకే కొత్తదాన్ని తినేస్తుంది. కొత్త స్లైడ్లను ముందు రాత్రి ఇంట్లో వెచ్చగా ఉంచండి, చలిలో అవి బిర్రబిగుసుకుంటాయి. ముందుకొన లోపలి అంచులను కత్తితో కొద్దిగా ఏటవాలుగా చెక్కి, సబ్బునీళ్లు రాసి వెనక నుంచి ఎక్కించండి. రెండూ ఒకేసారి మార్చండి. చివర ట్రాక్ బిగువు మాన్యువల్ ప్రకారం చూసుకోండి. అతిగా బిగించినా స్లైడ్లే అరుగుతాయి.

థండర్ బే అక్క:

బాబూ, ఒక్క మాట చేరుస్తాను. స్లైడ్లను నూనెలా జారనిచ్చేదీ, నీరులా చల్లబరిచేదీ దారిలోని మంచు ఒక్కటే. నీటితో చల్లబడే బండికైతే మంచు తక్కువైనప్పుడు ఇంజిన్ కూడా వేడెక్కి దీపం వెలుగుతుంది. మీది గాలి ఇంజిన్, అది హాయిగా నడుస్తూనే ఉంటుంది, కింద ప్లాస్టిక్ కరుగుతున్నా మీకు తెలియదు. రెయిళ్లకు ఐస్ స్క్రాచర్లు బిగించుకోండి. అవి గడ్డను గీరి పొడిని స్లైడ్ల మీదికి చిమ్ముతాయి. వెనక్కి నడిపే ముందు పైకి ఎత్తి కట్టడం మరవకండి. అవి ఉన్నా నున్నటి గడ్డ మీద ఎక్కువసేపు వేగంగా వెళ్లవద్దు, దారి పక్కన మెత్తటి మంచు కనిపించినప్పుడల్లా అందులోకి దిగి కాస్త నడపండి.

కీవినా విద్యార్థి:

అన్నగారూ, అక్కగారూ, చాలా కృతజ్ఞతలు. కుడివైపు మూడో చక్రం అసలు తిరగడం లేదు, రబ్బరు ఒక పక్క చదునుగా అరిగిపోయింది! వేడి చేశాక పాత స్లైడ్ నాలుగు దెబ్బలకే జారింది. క్లిప్పులు గీకడానికి రెండు గంటలు పట్టింది. చక్రం, స్క్రాచర్లు ఆర్డర్ చేశాను. అవి వచ్చేదాకా బండి స్టాండు మీదే ఉంటుంది.