వెన్జ్‌డే: రాతలో మూడు, నోట్లో రెండు

ప్రశ్న: ఇంగ్లీషులో బుధవారాన్ని ‘వెడ్‌నెస్‌డే’ అనాలా, ‘వెన్స్‌డే’ అనాలా? రాతలో ఉన్న ‘డి’ ఏమైపోయింది?

జవాబు: పలుకులు రెండేనండి: వెన్జ్, డే. ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదటిదాని మీద. చాలామంది ‘వెన్స్’ అంటారు గానీ అక్కడ గొంతు మోగాలి. జడ, జొన్న అన్నప్పటి జకారం దీనికి దగ్గర. జయం, జలంలోని జకారం కాదు. అయితే జొన్న అనేటప్పుడు నాలుక పళ్ల వెనక తగిలి విడుతుంది. ఇక్కడ తగలకూడదు. ‘స్‌స్‌’ అని సాగదీస్తూ మధ్యలో గొంతు కలపండి, అదే ఆ ధ్వని. మొదటి వకారానికి పై పళ్లు కింది పెదవిని తాకకుండా పెదవులు గుండ్రంగా చుట్టాలి.

ఇక ‘డి’ సంగతి. పాత ఇంగ్లీషులో ఇది వోడెన్ అనే దేవుడి రోజు. పేరు చివరి ‘ఎస్’ మన షష్ఠీ విభక్తి లాంటిది. ఊనిక లేని ‘నెస్’లోని అచ్చు క్రమంగా రాలిపోయింది. కలుగు ‘కల్గు’, పలుకు ‘పల్కు’ అయినట్టే. మనకు మిగిలిన ల్గ, ల్క నోటికి బరువు కావు. అక్కడ డ, న, జ, డ నాలుగు హల్లులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అందుకే మొదటి డకారం జారిపోయింది. ‘హ్యాండ్సమ్’లో డకారం వినిపించకపోవడం కూడా ఈ కోవదే. రాత మాత్రం పాత పలుకుబడి దగ్గరే ఉండిపోయింది. స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో కొందరు ఆ డకారాన్ని ఇప్పటికీ పలుకుతారు.

ప్రశ్న: మన బుధవారానికీ దీనికీ చుట్టరికం ఉందా?

జవాబు: పేరులో లేదు, గ్రహంలో ఉంది. రోమన్లకు ఇది మెర్క్యురీ రోజు, అంటే బుధగ్రహానిది. ఫ్రెంచి ‘మెర్‌క్రెది’, స్పానిష్ ‘మియెర్కొలెస్’ ఆ పేరునే నిలుపుకున్నాయి. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులతో సహా జర్మానిక్ జాతులు మెర్క్యురీ స్థానంలో తమ వోడెన్‌ను పెట్టుకున్నాయి. సంకల్పంలో మనం ‘సౌమ్యవాసరే’ అనేదీ ఈ రోజునే. సోముడి కొడుకు గనుక బుధుడు సౌమ్యుడు. జర్మన్‌లో దేవుడూ లేడు, గ్రహమూ లేదు: ‘మిట్‌వోఖ్’, వారం నడుమ.

ఇంకో మాట: స్పెల్లింగు రాసేటప్పుడు వెడ్, నెస్, డే అని మనసులో విడదీసుకోవడం మంచి ఉపాయమే. ఆ విరుపు చేతికే పరిమితం కావాలి, నోటికి ఎక్కకూడదు.