దాళ్వా కోతల్లో నీలం పంపు నెలకొకటి అయిపోతోంది, మానేయొచ్చా?

కాలవగట్టు, అమలాపురం వైపు:
నాన్నగారికి 58 ఏళ్లు, ఉబ్బసం. దాళ్వా కోతలు మొదలైతే కళ్లం దుమ్ముకి ఆయాసం ఎక్కువవుతుంది. నీలం రంగు సాల్బుటమాల్ పంపు రోజుకి ఆరేడు పఫ్‌లు కొట్టుకుంటున్నారు. వెంటనే చేతులు వణుకు, గుండె దడ. అందుకని మానేస్తానంటున్నారు. డబ్బాలో మందెంత మిగిలిందో నీళ్లలో వేసి చూడొచ్చా?

గోదారి ఫార్మసీ:
మానేయనివ్వకండి. ఊపిరి గొట్టాల కండరాన్ని వదులు చేసే మందు కొంత రక్తంలోకీ వెళ్తుంది, వణుకూ దడా దానివల్లే. కాసేపటికి తగ్గుతాయి. భయపడాల్సింది రోజుకి ఆరేడు పఫ్‌లు పడుతున్నందుకండి. ఈ మందు బిగిసిన గొట్టాన్ని నాలుగైదు గంటలు తెరుస్తుంది కానీ లోపలి వాపుని తగ్గించదు. డబ్బాకి 200 పఫ్‌లు, పఫ్‌కి 100 మైక్రోగ్రాములు. ఏడాదికి మూడు డబ్బాలు పట్టినా తీవ్రమైన ఎటాక్ ముప్పు ఎక్కువే. 12 పడితే ప్రాణానికే ముప్పు. సాల్బుటమాల్ ఒక్కదానితో నెట్టుకురావద్దని ఉబ్బసం మీద ప్రపంచమంతా పాటించే జీనా (GINA) మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. ఆ వాపు తగ్గడానికి పీల్చే స్టెరాయిడ్ పడాలి. కోతలయ్యాక చూద్దాం అనుకోకుండా ఈ వారమే ఛాతీ డాక్టరుకి చూపించండి.

డెల్టా ఊపిరి:
నీళ్లలో వేయడం వద్దే వద్దు. మందు అయిపోయాక కూడా గ్యాసు మిగులుతుంది, తేలినా మునిగినా ఏమీ తెలియదు. పైగా వాల్వులో నీరు చేరుతుంది. అంకెల మీటరు ఉన్న పంపు కొనండి, లేదా వాడిన పఫ్‌లు రాసుకోండి.

పీల్చే తీరు కూడా చూడండి. పంపు ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలెట్టాకే నొక్కాలి. పది సెకన్లు బిగబట్టాలి. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. నోట్లోంచో ముక్కులోంచో తెల్లటి పొగ బయటికొచ్చిందంటే ఆ పఫ్ చాలావరకు వృథా. ఆ వయసులో నొక్కడం, పీల్చడం కుదరడం కష్టం, స్పేసర్ (పంపుకి తగిలించే ప్లాస్టిక్ డబ్బా గొట్టం) తప్పకుండా పెట్టించండి. దాన్ని సబ్బు నీళ్లలో కడిగి గాలికే ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే స్థిర విద్యుత్ పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

కాలవగట్టు:
చాలా థాంక్సండి. బీపీ మాత్ర, ఆయాసానికని ఊళ్లో ఇచ్చిన డెరిఫిలిన్ మాత్ర కూడా వేసుకుంటున్నారు.

గోదారి ఫార్మసీ:
మాత్రల అట్టలన్నీ డాక్టరు ముందు పెట్టండి. ఆ బీపీ మాత్ర ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) అయితే గొట్టాలు బిగుస్తాయి, పంపు కూడా సరిగా పట్టదు. గ్లాకోమాకి (కంట్లో ఒత్తిడి జబ్బు) వేసే టిమొలాల్ చుక్కలదీ అదే తీరు. అయితే బీపీ మాత్ర సొంతంగా ఆపకండి. డెరిఫిలిన్ మోతాదు కొంచెం మించినా వాంతులు, దడ, ఫిట్స్ దాకా వెళ్తుంది. దాని మీద జ్వరానికని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే రక్తంలో డెరిఫిలిన్ మోతాదు పెరిగిపోతుంది.

మాట మధ్యలో తెగుతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా కూర్చోబెట్టి, స్పేసర్‌లో ఒక్కో పఫ్ చొప్పున 4 నుంచి 10 దాకా ఇవ్వండి. తగ్గకపోతే 20 నిమిషాలకి మళ్లీ.