కాజా–మనాలీ దారి ముందుగా చూసి రావాలి: ఇద్దరం, ఒకే బండి. సలహా కావాలి

సెప్టెంబరులో ఐదు బళ్ల బృందాన్ని హిమాచల్‌లోని స్పితి లోయకి తీసుకెళ్లే ముందు, జూన్ చివర్లో నేనూ మా ఆవిడా దారి చూసి రావాలనుకుంటున్నాం. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. సిమ్లా, రాంపూర్, నాకో, టాబో మీదుగా కాజా. ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఈ వైపు నుంచే ఎక్కడం. అక్కడిదాకా పెద్ద భయం లేదు. అసలు సందేహమంతా లోసర్ దాటాక, కుంజుమ్ కనుమ దిగి బాతల్, ఛత్రు మీదుగా గ్రంఫూ చేరే ముక్క గురించే.

కాజాలో ట్యాంకు నింపితే 15 లీటర్లు. ఇద్దరితో, సామానుతో లీటరుకు 25 కి.మీ. వేసుకున్నా చంద్రతాల్ సరస్సు చూసి మనాలీ చేరొచ్చు. అలాంటప్పుడు 5 లీటర్ల పెట్రోలు క్యాన్ దండగ బరువేనా?

మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి కాబట్టి కాజాలో ఉదయం ఐదింటికే బయల్దేరితే ఛత్రు దగ్గరి వాగులకు సరైన వేళకు చేరతామా, లేక ముందురోజు లోసర్‌లో పడుకోవడమే మేలా? వాగు దగ్గర ఆవిడ దిగి నడవాలంటే లోతు ఎంతవరకు క్షేమం?

ఇంకోటి, ట్యూబు టైర్లు. గాలి తగ్గిస్తే రాళ్ల మీద పట్టు బాగుంటుంది, కానీ ఇద్దరి బరువుకి రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. వెనక టైరులో గాలి ఒత్తిడి 28 పీఎస్ఐ అంటే చాలా తక్కువా? రెండు ట్యూబులు, టైరు లివర్లు, క్లచ్ కేబుల్ పెట్టుకుంటున్నాం. ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.