చిన్న పచ్చళ్ల షాపు డేటాబేస్‌లో ‘బ్యాచ్’ ఉండాలా, స్టాకు అంకె ఒక్కటి చాలా?

జాడీమూత, గుంటూరు

బ్రాడీపేటలో పచ్చళ్లు, పొడులు అమ్మే చిన్న షాపుకి డేటాబేస్ డిజైన్ జరుగుతోంది. సాఫ్ట్‌వేర్ ఊసు ఇంకా లేదు. ఏ ఎంటిటీలు (వివరాలు దాచుకోవాల్సిన విషయాలు) ఉండాలి, ఏది దేనితో ముడిపడి ఉంటుంది అనే కాన్సెప్టువల్ మోడల్ దగ్గరే ఉంది పని. ప్రస్తుతం అంతా ఎక్సెల్ షీటు మీదే నడుస్తోంది. 22 రకాల సరుకు, ఒక్కోటి పావుకిలో, అరకిలో, కిలో సీసాల్లో. గోంగూర, పండుమిర్చి మాత్రం కౌంటర్లో విడిగా తూచి కూడా ఇస్తారు. కౌంటరు అమ్మకం, వాట్సాప్ ఆర్డర్లు, ఊళ్లో ఆరు కిరాణాలకి అరువు మీద సరఫరా. పనిచేసేది నలుగురు.

ఇప్పటిదాకా బొమ్మలో గీసిన ఎంటిటీలు: సరుకు, ముడిసరుకు, సప్లయర్, కస్టమర్, ఆర్డర్, చెల్లింపు. పేచీ అంతా స్టాకు దగ్గరే. ‘ఆవకాయ అరకిలో: 64 సీసాలు’ అని సరుకు పక్కనే ఒక యాట్రిబ్యూట్ (ఆ ఎంటిటీకి చెందిన ఒక వివరం) పెడితే సరిపోతుందంటారు షాపు వాళ్లు. గీసేవాళ్లేమో బ్యాచ్ (ఒకసారి కలిపి పట్టిన సరుకంతా) అని వేరే ఎంటిటీ ఉండాల్సిందేనంటారు. నలుగురున్న షాపుకి అంత అవసరమా? కారణాలతో చెప్పండి.

తేజా_334, గుంటూరు

అవసరమేనండీ. సీసా మీద బ్యాచ్ నంబరు, తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ వేయాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల్లోనే ఉంది. అంటే షాపులో బ్యాచ్ ఇప్పటికే ఉంది, రోజూ లేబుల్ మీద అచ్చవుతోంది. మీ బొమ్మలోకే ఎక్కలేదు.

ఒక సీసాలో బూజు కనిపించిందని ఫోనొచ్చిందనుకోండి. అది ఏ రోజు కలిపింది, ఏ టిక్కీ (బస్తా) మిర్చి, అదే జాడీలోంచి తీసిన మిగతా సీసాలు ఏ కిరాణాలో ఉన్నాయి? 64 అన్న అంకె వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు. ఉన్న ఆవకాయంతా వెనక్కి తెప్పించాలి, లేదంటే దేవుడి మీద భారం వేసి ఊరుకోవాలి.

పైగా మామిడికాయకి ఏడాదికి ఒకటే సీజను. మేలో పట్టింది మళ్లీ ఏప్రిల్ దాకా అమ్ముతారు. నెలకోసారి పట్టే గోంగూరకీ దీనికీ గడువు లెక్క ఒకటి కాదు. ముందు పట్టింది ముందు పోవాలంటే ఏది ముందో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలిగా.

కౌంటర్_సాయంత్రం, విజయవాడ

తేజా గారూ, లేబుల్ సంగతి సరే. లేబుల్ మీదున్నదంతా బిల్లులోకి రావాలని ఎక్కడా లేదు.

మీ బొమ్మలో బిల్లు లైనుకీ (బిల్లులో ఒక్కో వస్తువు వరుస) బ్యాచ్‌కీ మధ్య గీత, అంటే సంబంధం, తప్పనిసరి అని పెట్టారనుకోండి. సాయంత్రం ఆరు తర్వాత గవర్నర్‌పేటలో ఏ తినుబండారాల కౌంటరైనా చూడండి, బిల్లు కొట్టే కుర్రాడికి తల ఎత్తే తీరికుండదు. బ్యాచ్ ఎంచుకోమని స్క్రీన్ అడిగితే లిస్టులో పైనున్నది నొక్కేస్తాడు. నెల తిరిగేసరికి ఒక బ్యాచ్ స్టాకు మైనస్ 11, పక్కదాంట్లో ఎప్పుడో అయిపోయిన సీసాలు 14 ఉన్నట్టు చూపిస్తుంది. ఫిర్యాదొచ్చిన రోజు ఆ డేటా నమ్మి, ఏ పాపం ఎరగని కిరాణాకి ఫోన్ చేస్తారు. అసలు లేకపోతే కనీసం లేదని తెలుస్తుంది.

విడి గోంగూర మాటేంటి? టబ్బు అడుగున నిన్నటిది, పైన ఇవాళ్టిది. దానికి ఏ బ్యాచ్ వేస్తారు? తయారీ రిజిస్టర్లో తేదీలు రాసుకుని, కంప్యూటర్లో ఒక్క అంకె ఉంచుకోవడమే ఈ సైజు షాపుకి తగిన పని.

శూన్యవిలువ, గుంటూరు

మీ ఇద్దరి గొడవ నిజానికి కార్డినాలిటీ గురించి, అంటే ఒకదానికి రెండోవైపువి ఎన్ని ఉండొచ్చన్న లెక్క గురించి. బ్యాచ్ మోడల్లో ఉన్నంత మాత్రాన ప్రతి బిల్లు లైనూ దాన్ని చూపించి తీరాలని లేదు. గీత రెండు కొసల్లోనూ కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని విడివిడిగా అడగండి.

ప్యాకింగ్ దగ్గర: ప్రతి ప్యాకింగూ ఒక బ్యాచ్ నుంచే రావాలి, కనీసం 1, గరిష్ఠం కూడా 1. కిరాణాకి పంపే డెలివరీ లైను దగ్గర కూడా ప్యాకింగ్ నంబరు తప్పనిసరి, ఎందుకంటే పెట్టెలు పొద్దున తీరిగ్గా సర్దుతారు, గడువు దాటి తిరిగొచ్చే సీసాలు కూడా అక్కడినుంచే వస్తాయి. కౌంటరు బిల్లు లైను దగ్గర మాత్రం 0 లేదా 1. సీసా మీద బార్‌కోడ్ స్టిక్కర్లో ప్యాకింగ్ నంబరు కూడా ఉంటే స్కాన్ చేయగానే అదే పడుతుంది, కుర్రాణ్ని ఎవరూ ఏమీ అడగరు. స్కాన్ కాకపోతే ఆ గడి ఖాళీ. ఖాళీ అంటే తెలియదని అర్థం, అది నిజమే కాబట్టి ఇబ్బంది లేదు. వారానికోసారి షెల్ఫ్ మీద సీసాలు ప్యాకింగ్ వారీగా లెక్కబెట్టి ఆ ఖాళీ లైన్లను సర్దాలి. ఈ పని ఎవరిదో ముందే తేల్చుకోకపోతే మాత్రం కౌంటర్ గారు చెప్పిన మైనస్ 11 రానే వస్తుంది.

బ్యాచ్, ప్యాకింగ్ అని రెండు మాటలు వాడుతున్నది కావాలనే. ఒకే జాడీలోంచి జూన్‌లో కొన్ని అరకిలో సీసాలు, ఆగస్టులో కొన్ని పావుకిలోవి తీస్తారు. ఒక తయారీ బ్యాచ్‌కి అనేక ప్యాకింగ్ లాట్లు. అలాగే ‘ఆవకాయ’ ఒక ఎంటిటీ, ‘ఆవకాయ అరకిలో సీసా’ ఇంకో ఎంటిటీ. పాళ్లు మొదటిదానివి, ధర రెండోదానిది. ఈ రెండూ కలిపేస్తే 22 రకాలకి మూడేసి సైజుల చొప్పున 66 చోట్ల ఒకే పాళ్లు రాయాలి. కారం కొంచెం తగ్గించిన రోజున మూడింట్లో ఒకటి మార్చడం మర్చిపోతారు.

టబ్బుకి రెండు దార్లు. ఖాళీ చేసి కడిగాకే కొత్తది పోస్తామంటే టబ్బుకి ఒకే బ్యాచ్. పైన పోయడం ఆగదంటే, కలిపినదాన్ని కొత్త బ్యాచ్‌గా తీసుకుని, దానికి రెండు మూడు మాతృ బ్యాచ్‌లు చూపించాలి, అంటే బ్యాచ్ నుంచి బ్యాచ్‌కే అనేక-అనేక సంబంధం. బొమ్మలో ఒక గీత ఎక్కువ, అంతే. అయినా ఎవరడిగినా మొదటి దారే చెబుతాను, అది వంటింటి శుభ్రతకి కూడా మంచిది.

ఇక స్టాకు. దాన్ని ఎక్కడా రాయకండి, రాబట్టండి. ‘కదలిక’ అని ఒక ఎంటిటీ: ఏ వస్తువు, ఏ లాటు, ఎంత, లోపలికా బయటికా, ఎందుకు, ఎప్పుడు. కొనుగోలు, వాడకం, ప్యాకింగ్, అమ్మకం, వాపసు, పారబోత, రుచికి ఇచ్చింది, లెక్క సర్దుబాటు, అన్నీ కదలికలే. కూడితే స్టాకు. 64 అని నేరుగా దిద్దే వీలుంటే, 58 ఎందుకయిందో మూడు రోజుల తర్వాత ఎవరికీ తెలియదు.

తూకంరాయి, విజయవాడ

ముడిసరుకు వైపు ఎవరూ చూడట్లేదు. అసలు తంటా అక్కడే.

విజయవాడ పక్కన నున్న మామిడి మార్కెట్లో ఆవకాయకి మామిడి కాయల లెక్కన కొన్నారనుకోండి, వందల్లో. గోంగూర కట్టల్లో వస్తుంది. నూనె 15 కిలోల టిన్ను, పాళ్లు రాసేటప్పుడేమో లీటర్లు. నువ్వుల నూనె లీటరు దాదాపు 920 గ్రాములు, కాబట్టి ఆ టిన్ను 16.3 లీటర్లు. టిన్నుకి 15 లీటర్లని లెక్కేస్తే టిన్నుకి 1.3 లీటరు ఎక్కడినుంచో ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. ఈ మార్పిడి వస్తువుని బట్టి మారుతుంది కాబట్టి ‘కొలమానం’ అని ఒక్క పట్టిక పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. ముడిసరుకుకీ కొలమానానికీ మధ్య సంబంధం ఉండాలి, దాని మీద మార్పిడి అంకె ఉండాలి.

కట్టకి, కాయకి స్థిరమైన మార్పిడి అంకె కూడా ఉండదు. వానాకాలం కట్ట వేరు, ఎండాకాలం కట్ట వేరు. అందుకని రెండు అంకెలు రాయాలి: కొన్నప్పుడు ఎన్ని కట్టలు, కాడలు తీసి కడిగి ఆరబెట్టాక ఆకు ఎన్ని కిలోలు. రెండోదే తయారీలోకి వెళ్తుంది.

పాళ్లు, వాడకం కూడా వేరుగా ఉంచండి. ఉదాహరణకి ఆవకాయ పాళ్లు: ముక్కలు 10 కిలోలు, కారం 2, ఆవపిండి 2, ఉప్పు 1.75, వెల్లుల్లి అరకిలో, మెంతులు 100 గ్రాములు, నూనె 3 లీటర్లు అంటే 2.76 కిలోలు. మొత్తం 19.11 కిలోలు, కాగితం మీద 38 అరకిలో సీసాలు. జాడీకి, గరిటెకి అంటింది పోగా చేతికి 36 రావచ్చు. ఆ తేడా తరుగు. పాళ్లు సరుకుకీ ముడిసరుకుకీ మధ్య సంబంధం, వాడకం బ్యాచ్‌కీ ముడిసరుకు లాటుకీ మధ్య సంబంధం. ఒకటి ఎంత వేయాలో చెబుతుంది, రెండోది ఎంత వేశారో.

ఇంకోటి. ఆవకాయ ఒక్కరోజు పని కాదు. మూడోరోజు తిరగ కలిపి, ఊట చూసి మిగతా నూనె పోస్తారు. కాబట్టి వాడకం తేదీ బ్యాచ్ మీద కాకుండా వాడకం లైను మీద ఉండాలి. బ్యాచ్ మీద ఒకటే తేదీ పెడితే మూడోరోజు పోసిన నూనె ఏ టిన్నుదో తప్పిపోతుంది. నూనె ముక్కవాసన వచ్చిందంటే మొదట వెతికేది ఆ టిన్నునే.

కౌంటర్_సాయంత్రం, విజయవాడ

బిల్లు దగ్గర 0 లేదా 1 అంటే నాకు పేచీ లేదు. కానీ ముడిసరుకుకి కూడా లాట్లా? ఉప్పు ప్యాకెట్టుకి కూడా నంబరు వేస్తారా తూకంరాయి గారూ?

తూకంరాయి, విజయవాడ

ఉప్పుకి వద్దు. ముడిసరుకు మీద ‘లాటు పట్టాలా’ అని అవును-కాదు యాట్రిబ్యూట్ పెట్టండి. ఎండుమిర్చి, కారం, వేరుశనగ, నూనె: అవును. మిర్చి, వేరుశనగల్లో తేమ ఉంటే బూజు, దాంతో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం భయం. కారంలో రంగు కల్తీ. నూనెకి ముక్కవాసన. ఉప్పు, మెంతులు, ఇంగువ: కాదు. మిర్చి యార్డు నుంచి వచ్చిన టిక్కీ మీద కొన్న తేదీ, సప్లయర్, రకం రాస్తే అదే లాటు. దానికి ప్రత్యేకంగా పేరు పెట్టక్కర్లేదు.

పాతబిల్లు, గుంటూరు

బ్యాచ్ వద్దనేవాళ్లకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కన్నా గట్టి కారణం ఇంకోటుంది, ఎంఆర్‌పీ.

2025 సెప్టెంబర్ 22న పచ్చళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి దిగింది. ఆ వారం షెల్ఫ్ మీద పాత ఎంఆర్‌పీ అచ్చయిన సీసాలూ, కొత్త ధర స్టిక్కర్ వేసినవీ పక్కపక్కనే ఉన్నాయి. సరుకు ఒకటే, సైజు ఒకటే, ధరలు రెండు. ఎంఆర్‌పీని సరుకు మీద యాట్రిబ్యూట్‌గా పెట్టిన మోడల్లో దీనికి చోటే లేదు. అది ప్యాకింగ్ లాటుది.

పన్ను రేటు కూడా అంతే. సరుకు పక్కన 12 చెరిపి 5 రాస్తే ఆగస్టు బిల్లులు మళ్లీ తీసినప్పుడు 5 శాతంతో వస్తాయి. ఆగస్టులో 12 శాతంతో అమ్మిన సరుకు కిరాణా నుంచి వాపసొస్తే క్రెడిట్ నోటు (బాకీ తగ్గిస్తూ ఇచ్చే కాగితం) పాత రేటుతోనే ఇవ్వాలి. రేటుకి ‘ఎప్పటినుంచి, ఎప్పటిదాకా’ ఉండాలి, అమ్మిన ధర, అమ్మినప్పటి రేటు బిల్లు లైను మీద కాపీ అవ్వాలి. ఒకే సమాచారం రెండుచోట్ల ఉందని నార్మలైజేషన్ (ఒక సమాచారం ఒక్కచోటే ఉండాలనే పద్ధతి) చదివినవాళ్లు గింజుకుంటారు. ఇవాళ్టి ధర ఒక విషయం, ఆరోజు అమ్మిన ధర ఇంకో విషయం.

పనిలో పని, చెల్లింపుని ఆర్డర్‌కి నేరుగా కట్టకండి. కిరాణా ఆయన మూడు బిల్లులు పెండింగ్‌లో ఉండగా 5,000 చేతిలో పెట్టి ‘సర్దుకోండి’ అంటాడు. చెల్లింపుకీ బిల్లుకీ అనేక-అనేకం, మధ్యలో ఎంత సర్దారో ఆ మొత్తం.

జాడీమూత, గుంటూరు

అయితే ఇలా మారుస్తున్నాం: సరుకు, ప్యాక్ సైజు, పాళ్లు, ముడిసరుకు, కొలమానం మార్పిడి, ముడిసరుకు లాటు, తయారీ బ్యాచ్, వాడకం, ప్యాకింగ్ లాటు, కదలిక, బిల్లు, బిల్లు లైను, చెల్లింపు సర్దుబాటు, పన్ను రేటు. సప్లయర్, కస్టమర్, ఆర్డర్, చెల్లింపు మామూలే. ఆరు ఉన్నవి ఇన్నయ్యాయని షాపులో మొహాలు చిట్లిస్తారనుకోండి, అది వేరే సంగతి. రోజూ చేత్తో ఎక్కించాల్సినవి కొనుగోలు, వాడకం, ప్యాకింగ్, బిల్లు, చెల్లింపు, ఈ ఐదేగా.

ఒక్క సందేహం. బ్యాచ్ నంబరుని సరుకు కోడు, ఏడాది, నెల, వరస అంకె కలిపి ‘ఏవీ-2505-03’ లాగా కడదామంటున్నారు. ఫర్వాలేదా?

తేజా_334, గుంటూరు

బాగుంటుంది, చూడగానే తెలుస్తుంది.

శూన్యవిలువ, గుంటూరు

చూడగానే తెలిసే నంబరుతోనే చిక్కు తేజా గారూ. ఆవకాయకి ఏవీ అన్నారు, రేపు వెల్లుల్లి లేని ఆవకాయకి ఏం పెడతారు? ఏప్రిల్ 30న కలిపి మే 2న నూనె పోసిన జాడీ 2504నా, 2505నా? నంబరులో కుక్కిన సమాచారం తప్పయితే నంబరే మార్చాలి, అప్పటికే అది సీసాల మీద అచ్చయి ఊరంతా తిరుగుతుంటుంది. వరస నంబరు చాలు, 417, 418. సరుకు, తేదీ ఎంటిటీలో ఉండనే ఉన్నాయి.

కౌంటర్_సాయంత్రం, విజయవాడ

దీనికి నా ఓటు కూడా వరస నంబరుకే. ఫిర్యాదు చేసే కస్టమర్ ఫోన్లో చదివి చెప్పాల్సింది ఆ నంబరే, మూడంకెలైతే తప్పు పోదు. స్టిక్కర్ మాత్రం మామూలు థర్మల్ పేపర్ తీసుకోకండి, నూనె వేలు తగిలితే అచ్చు మాయమవుతుంది. రిబ్బన్ ప్రింటర్ స్టిక్కర్ తీసుకోండి, మూత మీద అంటించకండి. మూతలు కడిగేటప్పుడు ఒకదానివి ఇంకోదానికి మారిపోతాయి.