స్పెయిన్‌లో ఏడు రాత్రులు: సముద్రం పక్కన ఏ ఊళ్లో మకాం పెట్టాలి?

వేళచ్చేరి_నాన్న

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ చివర్లో పాపకి క్వార్టర్లీ సెలవులు, అప్పుడు స్పెయిన్ వెళ్లొద్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా అత్తయ్యగారు. ఆవిడకి 64, మోకాళ్ల నొప్పులు, గుడ్డు కూడా ముట్టరు. చెన్నై నుంచి నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి గల్ఫ్‌లో మారి మాడ్రిడ్‌లోనో బార్సిలోనాలోనో దిగాలి. ప్రయాణాలు పోగా చేతిలో మిగిలేది ఏడు రాత్రులు.

పాపకి సముద్రంలో ఆడాలని. బెసెంట్ నగర్‌లో పాదాలు తడుపుకోవడం తప్ప దాన్ని ఎప్పుడూ నీళ్లలోకి దిగనివ్వలేదు, మన అలల సంగతి మీకు తెలుసు. మా ఆవిడకి గ్రనాడాలో అల్‌హంబ్రా కోట చూడాలని పెళ్లి కాకముందు నుంచీ కోరిక. నాకైతే రోజూ పెట్టెలు సర్దే పని లేకపోతే చాలు, అందుకే ఒక్కచోటే ఉండి అక్కడి నుంచే తిరుగుదాం అంటున్నాను. కారు తీసుకోను. రోడ్డుకి కుడిపక్కన నడపడం నా వల్ల కాదు.

లిస్టులో ఉన్నవి సిట్జెస్, వాలెన్సియా, నెర్హా. నెర్హా ఫొటోలు చూసి ఇంట్లో ముగ్గురూ ఫ్లాట్, నేనొక్కణ్నే ఇంకా బుక్ బటన్ నొక్కకుండా ఆగాను. నొక్కేయమంటారా?

అడయార్ అక్క

ఆగండి బాబూ, నొక్కకండి.

మీ ఆవిడకి అల్‌హంబ్రా కావాలన్నారు కదా, సగం నిర్ణయం అక్కడే అయిపోయింది. సిట్జెస్ మంచి ఊరే, బార్సిలోనా నుంచి లోకల్ ట్రైన్‌లో 40 నిమిషాల్లో చేరొచ్చు, కానీ బార్సిలోనా నుంచి గ్రనాడాకి హైస్పీడ్ రైల్లో కూడా ఆరు గంటల పైనే. వాలెన్సియా నుంచి కూడా ఒక్క రోజులో పోయి వచ్చే దూరం కాదు. ఇక మిగిలింది నెర్హా. అందులో ఏ వంకా లేదు, సముద్రం పైన ఉండే వ్యూపాయింట్ బాల్కోన్ దె యూరోపా మీద నిలబడితే కిందికి దిగాలనిపించదు. దిగాలనిపించినా మీ అత్తయ్యగారు దిగలేరు, ఎందుకంటే ఊరు పైన, బీచ్‌లు కింద. పెద్ద బీచ్ బురియానాకి వెళ్లే దారి బాగా వాలు. దిగేటప్పుడు సరదాగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో తడి టవల్ భుజాన వేసుకుని ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా ఆ ఊరికి రైలు లేదు, ఎక్కడికెళ్లినా బస్సే.

నా మాట విని అదే తీరంలో ఉన్న మాలగా సిటీలో దిగండి. మాడ్రిడ్ నుంచి మూడు గంటల లోపు రైలు. గ్రనాడాకి బస్సులో గంటా ముప్పావు, బస్ స్టాండ్ రైల్వే స్టేషన్ పక్కనే. కోర్దోబాకి హైస్పీడ్ రైల్లో గంట, పొద్దున వెళ్లి మెస్కీతా, అంటే అక్కడి పాత మసీదు, చూసుకుని రాత్రి భోజనానికి వచ్చేయొచ్చు. నెర్హా మీద అంత మోజుంటే అదీ ఒకరోజు బస్సులో వెళ్లి రండి. అక్కడి గుహలు 1959లో గబ్బిలాల కోసం వెళ్లిన ఊరి కుర్రాళ్లకి దొరికాయట, పాపకి ఆ కథే సగం సరదా. లోపల మెట్లు చాలా ఉంటాయి, అత్తయ్యగారిని బయట నీడలో కూర్చోబెట్టండి.

మారతహళ్లి_బాబు

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మాది బెంగళూరు, మేం ఇలాగే ఫొటో చూసి మోసపోయాం. మాలగా దగ్గర బెనల్మాదెనా అని బుక్ చేశాను, బీచ్‌కి దగ్గర అని రాసుంది, మ్యాప్‌లో చూసినా వేలెడు దూరమే. వెళ్లాక తెలిసింది, ఆ పేరుతో ఊళ్లు మూడున్నాయి. కొండ మీద పాత ఊరు, మధ్యలో రైల్వే స్టేషన్ ఉండే అర్రోయో దె లా మియెల్, కింద సముద్రం ఒడ్డున మూడోది. మేం తీసుకున్నది కొండ మీదిది. బాల్కనీలోంచి సముద్రం కనిపించేది, నిజమే, మా నాన్న నాలుగు రోజులూ అక్కడే కుర్చీ వేసుకుని దాన్ని చూశారు. ఒక్కసారి కూడా కాళ్లు తడవలేదు. ఓనర్‌ని అడిగితే వ్యూ ఉంది కదా సార్ అన్నాడు.

కాబట్టి ఆ తీరంలో ఏది బుక్ చేసినా ముందు స్ట్రీట్ వ్యూలో రోడ్డు వాలు చూసుకోండి. దూరం ఎన్ని మీటర్లో చూస్తే సరిపోదు.

ఇంకోటి. మాలగా నుంచి ఫువెంహిరోలా దాకా సీ-1 అని లోకల్ ట్రైన్ ఉంటుంది, మీకు బీచ్ స్టేషన్ నుంచి తాంబరం లోకల్ ఎలాగో అలా అనుకోండి. దాదాపు ప్రతి 20 నిమిషాలకి ఒకటి, ఎయిర్‌పోర్ట్ కూడా దాని మీదే. సిటీ గోల వద్దు, ఇసుక కావాలంటే ఆ లైన్ చివర్లో లోస్ బొలీచెస్ స్టేషన్ దగ్గర చూడండి. అంతా చదునే, స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే సముద్రం, ఒడ్డు పొడవునా నడవడానికి బాట. కాకపోతే గ్రనాడా వెళ్లే రోజు ముందు మాలగాకి రావడానికే ముప్పావుగంట పోతుంది.

పెరంబూర్_పంతులు

అందరూ మాలగా అంటున్నారు, నేను వాలెన్సియా వైపు. కారణం ఒక్కటే, నీళ్లు. జిబ్రాల్టర్ జలసంధిలోంచి అట్లాంటిక్ చల్లనీళ్లు లోపలికి వస్తుంటాయి, మాలగా తీరం దానికి దగ్గర, అందుకే ఆగస్టులో కూడా అక్కడ దిగితే ఒళ్లు జిల్లుమంటుంది. వాలెన్సియాలో నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి, మాల్వరోసా బీచ్‌కి ట్రామ్‌లో పోవచ్చు, దిగితే చాలా దూరం దాకా లోతు ఉండదు. 1957 వరదల తర్వాత తూరియా నదిని ఊరి బయటికి మళ్లించి ఆ పాత నదిలో తోట వేశారు, పిల్లలు రోజంతా ఆడుకోవచ్చు. దక్షిణాన అల్బుఫేరా సరస్సు చుట్టూ వరిచేలు. మాది కోనసీమ, అంత దూరం పోయి వరి కోత చూస్తూ నిలబడిపోయాను, మా ఆవిడ నవ్వింది.

అల్‌హంబ్రా లేకపోతే మాత్రం కళ్లు మూసుకుని వాలెన్సియా.

వేళచ్చేరి_నాన్న

అల్‌హంబ్రా లేకపోతే నాకు ఇంట్లో భోజనం లేదు పంతులుగారూ.

అక్కా, మాలగా సిటీలో బీచ్ బాగుంటుందా? అత్తయ్యగారి తిండి సంగతేంటి?

అడయార్ అక్క

బీచ్ గురించి అబద్ధం చెప్పను. లా మలగేతా ఊరి మధ్య నుంచి నడిచిపోయే దూరం, అదే దాని గొప్ప. ఇసుక నల్లగా బూడిదలా ఉంటుంది, ఫొటోలో నెర్హా ముందు తేలిపోతుంది. కానీ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, మన మెరీనాలా కాళ్లు లాగేయవు. మేం మాత్రం 11 నంబర్ సిటీ బస్సెక్కి పెద్రెగలెహో పోయేవాళ్లం. పాత జాలర్ల పేట, రాళ్ల కట్టల మధ్య చిన్న చిన్న ఒంపుల్లో నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి, మీ పాపకి అదే సరైన చోటు. అక్కడ ఒడ్డు మీద పాత పడవలో ఇసుక నింపి కట్టెలు కాలుస్తారు, ఆరేడు సార్డిన్ చేపలు ఒక పుల్లకి గుచ్చి ఆ నిప్పుల పక్కన వాలుగా పాతిపెడతారు. ఎస్పెతో అంటారు. మీరు తినండి, అత్తయ్యగారిని గాలి అటు పోయే వైపు మాత్రం కూర్చోబెట్టకండి.

ఆవిడ తిండికి కొంచెం తిప్పలే. శాకాహారం అని చెప్పినా సలాడ్ మీద ట్యూనా చల్లి తెస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. సిన్ అతూన్, సిన్ హమోన్, సిన్ వేవో అని మూడు మాటలు నేర్చుకోండి, ట్యూనా, పంది మాంసం, గుడ్డు వద్దని. తోర్తీయా అంటే మెక్సికో రొట్టె అనుకునేరు, అక్కడది గుడ్డుతో వేసే బంగాళాదుంప అట్టు. వంకాయ ముక్కలు పిండిలో ముంచి వేయించి పైన చెరుకు పాకం పోస్తారు, మా అమ్మ రోజూ అదే అడిగేది. రాత్రి వంటశాలలు చాలా చోట్ల ఎనిమిదిన్నర దాటాకే తెరుస్తారు, కాబట్టి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, లిఫ్ట్ ఉందో లేదో అడిగి మరీ. ఆవకాయ తీసుకెళ్లొచ్చు, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు.

అల్‌హంబ్రా టికెట్ మీద పేరు, పాస్‌పోర్ట్ నంబర్ ఉంటాయి. లోపలుండే నస్రిద్ ప్యాలెస్‌లకి టైమ్ వేసి ఇస్తారు, అది దాటితే లోపలికి పంపరు. 12 ఏళ్ల లోపు ఉచితమే అయినా పాపకీ టికెట్ తీయాలి. బస్ స్టాండ్ నుంచి టాక్సీలో పైకి వెళ్లిపోండి, మోకాళ్లు లోపల అవసరమవుతాయి. వీసాకి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ముందు ఆ స్లాట్ చూడండి, మిగతావి తర్వాత.

వేళచ్చేరి_నాన్న

సరే, మాలగా. ఊరి మధ్యలో, లిఫ్ట్, వంటగది, ఏడు రాత్రులూ అక్కడే. గ్రనాడా ఒకరోజు, నెర్హా ఒకరోజు, కోర్దోబా ఓపికని బట్టి, మిగిలినవన్నీ 11 నంబర్ బస్సు. మా ఆవిడ ఒప్పుకుంది, పాప చెరువులాంటి సముద్రం అంటే నమ్మట్లేదు.

నెయ్యి సంగతి అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.